పసుపు జెండా ఊపినప్పుడైనా ఈల ఆపండి

శ్రీకాకుళంలో ఆదివారం సాయంత్రాలు మేడమీది గదిలో చేరి మోటారు పందేలు చూసే కుర్రాళ్లందరికీ,

నా పేరు రాయకపోయినా నేనెవరో మీకు తెలుస్తుంది. ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, సందు మొదట్లో, మసిబారిన గోడల షెడ్డులో ముప్పై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నవాడిని. మీలో సగం మంది బండ్లకు క్లచ్ ప్లేట్లు మార్చింది నేను. మిగతా సగం మంది నాన్నల బండ్లకు మార్చిందీ నేనే. ఇంత తెలిసినవాడు ఎదురుగా చెప్పకుండా ఊరంతా చదివేలా ఎందుకు రాస్తున్నాడని మీకు కోపం రావచ్చు. ఎదురుగా చెప్పబోయాను. మీ ఈలల్లో నా మాట నాకే వినిపించలేదు.

పోయిన నెల ఒక ఆదివారం సంగతి ఇది. మీ గది మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. అయినా ఆయాసపడుతూ ఎక్కి వచ్చి వెనక వరుసలో కూర్చున్నాను. పందెం మంచి పట్టుమీద ఉంది. ఆఖరి ఐదారు ల్యాపులు. రెండో స్థానంలో ఉన్నవాడు మలుపులోకి బండిని వంచాడు, ముందు చక్రం జారింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. కంకరలో దొర్లుకుంటూ వెళ్లి బోర్లా ఆగిపోయాడు. లేవలేదు. చేయి కూడా కదపలేదు.

అప్పుడు గదిలో పైకప్పు ఎగిరిపోయేలా ఈలలు. ఒకరు కుర్చీ ఎక్కి తుండుగుడ్డ గిరగిరా తిప్పారు. ఇంకొకరు ముందు వరుసలో ఉన్న ఎదుటి జట్టు కుర్రాడి మెడ మీద చరిచి, 'చూశావా మీవాడి సంగతి' అన్నారు. తెర మీద మాత్రం ఇద్దరు మార్షల్స్, అంటే ట్రాక్ పక్కన భద్రత చూసేవాళ్లు, వంగి ఆ మనిషి హెల్మెట్‌లోకి తొంగి చూస్తున్నారు. చివరికి లేచాడనుకోండి, నడిచే వెళ్లాడు. కానీ లేస్తాడని మీకు ముందే ఎలా తెలుసు?

పడింది ఎవరో, ఏ పందెంలోనో నేను రాయను. రాస్తే మీలో సగం మంది అక్కడే ఆగిపోయి 'వాడికి అలా కావలసిందే' అంటారు. మిగతా సగం మంది, తమవాళ్లు చేసింది మరిచిపోయి, నన్ను మెచ్చుకుంటారు. నాకు రెండూ అక్కర్లేదు.

ఈలకు నేను శత్రువును కాను. సినిమా హాలులో నేల తరగతిలో కూర్చుని ఈలలు వేసి పెరిగినవాడినే. మన దగ్గర ఈల మెప్పుకు గుర్తు. ఇటలీ, స్పెయిన్ దేశాల్లో పందెం చూసే జనానికి ఈల అంటే ఛీకొట్టడం. అక్కడ పోడియం, అంటే గెలిచినవాళ్లు నిలబడే వేదిక, ఎక్కినవాడికి ఈల వినిపిస్తే తల దించుకుంటాడు, మన హీరో అయితే కాలరెగరేస్తాడు. మీ గదిలో ఈ రెండు రకాల ఈలలూ కలిసిపోయాయి. ఏది మెప్పో ఏది తిట్టో వేసేవాడికే తెలియనంతగా కలిసిపోయాయి.

ప్రత్యర్థిని మాటతో, చూపుతో, చేష్టతో కలవరపెట్టడం తప్పని కూడా నేను అనను. ఇంజిన్ ఎంత ముఖ్యమో అదీ అంతే. మోటోజీపీ అనే ప్రపంచ మోటారు సైకిల్ పందేల్లో ఇటలీ రైడర్ వాలెంటీనో రోసీకి నేను అభిమానిని అయ్యింది అతని గెలుపుల వల్ల మాత్రమే కాదు, ఆ గడుసుతనం వల్ల. 2004 అక్టోబరులో ఖతార్ పందెం గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి ఉగ్గుపాలు తాగుతూ ఉంటారు. ఎడారి ఇసుక పడిన ట్రాక్ మీద, రోసీ బండి నిలబడే చోటును అతని మనుషులు రాత్రిపూట స్కూటర్ చక్రంతో రుద్ది శుభ్రం చేశారని ఎదుటివాళ్లు ఫిర్యాదు చేశారు. రోసీని చివరి వరుసకు పంపించారు. అక్కడినుంచి దూసుకొచ్చి, నాలుగో స్థానం దాకా వచ్చి పడిపోయాడు. స్పెయిన్ రైడర్ సెటే జిబెర్నావ్ గెలిచాడు. జిబెర్నావ్ ఇక జీవితంలో మరో పందెం గెలవడని రోసీ ఆ రోజు అన్నాడని చెప్పుకుంటారు. అన్నాడో లేదో గానీ, తొమ్మిది పందేలు గెలిచిన జిబెర్నావ్ పదోది గెలవనే లేదు. ఎనిమిది రోజులకే మలేసియాలో గెలిచిన రోసీ, ట్రాక్ మీద బండి ఆపి, చీపురు పట్టుకుని ఊడ్చి చూపించాడు. నేను నవ్వి నవ్వి స్పానర్ కింద పడేసుకున్నాను. 2005లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో ఆఖరి మలుపులో అదే జిబెర్నావ్‌ను లోపలినుంచి తోసుకుంటూ వెళ్లి గెలిచాడు. స్పెయిన్ జనం ఈలలతో దుమ్మెత్తిపోశారు. రోసీ అదీ తట్టుకున్నాడు.

ఇదంతా మనకు కొత్త కాదు. చెడుగుడులో తొడ కొట్టడం చూశాం కదా. తొడ కొట్టి, మీసం మెలేసి, గీత దాటి కూతకు వెళతాడు ఆటగాడు. అవతల ఏడుగురు కాళ్లు పట్టుకోవడానికి కాచుకుని ఉంటారు. తొడ కొట్టిన శబ్దానికి వెల ఆ కూతలో ఉంది. గట్టు మీద వేరుశెనక్కాయలు తింటూ కూర్చున్నవాడు తొడ కొడితే పక్కవాడు ఏమంటాడు? 'దిగవయ్యా మరి' అంటాడు. మా తెలుగు మాస్టారు ఇంకో ముచ్చట చెప్పేవారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగమని ఒకటి ఉంటుంది. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే ఆ పృచ్ఛకుడి పని. పద్యం నడుస్తూ ఉండగా మధ్యలో 'మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?' అని అడుగుతాడు, అవధాని చమత్కారంగా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. మైండ్ గేమ్ అని మీరంటున్నదానికి మనవాళ్లు వేదిక మీదనే ఒక కుర్చీ వేశారన్నమాట. కానీ ఒక్క కుర్చీయే వేశారు. సభలో ఉన్న రెండువందల మందీ లేచి అప్రస్తుత ప్రసంగం మొదలుపెడితే అది అవధానం కాదు, సంత.

పొరుగు విజయనగరం కథ ఒకటి గుర్తుచేస్తాను, వాళ్లు ఏమీ అనుకోకూడదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టుకు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, లోకం విజ్జీ అన్న మనిషి. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో వెనక్కి పంపించిన పర్యటన అదే. ఆ జట్టులో నడిచిన ఎత్తులూ పైఎత్తులూ అన్నీ ఇన్నీ కావు. బ్యాటుతో చేసింది తక్కువ, కుర్చీలోంచి ఆడించింది ఎక్కువ. తొడ కొట్టాడు గానీ కూతకు వెళ్లలేదు. అందుకే తొంభై ఏళ్లయినా ఆ పర్యటన పేరెత్తితే ఆట గురించి ఎవరూ మాట్లాడరు.

పందెపు రైడర్లు మాత్రం కూతకు వెళ్లేవాళ్లే. 157 కిలోలకు తగ్గకూడని బండి మీద గంటకు మూడువందల యాభై కిలోమీటర్లు దాటి వెళతారు. 2023లో ఇటలీలోని ముజెల్లోలో బ్రాడ్ బైండర్ అనే రైడర్ వేగం 366.1. మీరు జాతీయ రహదారి మీద వంద దాటించి వచ్చి నా ముందు ఛాతీ విరుచుకుంటారు, దానికి మూడు రెట్లు దాటిన వేగం అది. ఆ వేగం నుంచి మలుపులో బండిని నేలకు ఆనేంత వంచుతారు. మోచేయి తారు మీద రాసుకుంటుంది. ఇద్దరు అలా పక్కపక్కన వెళుతూ ఒకరినొకరు బెదిరించుకుంటే, బెదిరించినవాడి ప్రాణం కూడా అదే మలుపులో ఉంటుంది.

అయినా సరే, వాళ్లలోనే హద్దు దాటినవాళ్లున్నారు. ఫార్ములా వన్ కార్ల పందేలు చూసేవాళ్లకు ఐర్టన్ సెన్నా, అలెన్ ప్రోస్ట్ పేర్లు చెప్పక్కర్లేదు. 1988లో ఒకే జట్టులో ఉండి 16 పందేల్లో 15 గెలిచారు ఇద్దరూ కలిసి. మరుసటి ఏడు ఇటలీలోని ఇమోలాలో మొదటి మలుపులో ఒకరినొకరు దాటకూడదన్న ఒప్పందం సెన్నా తప్పాడని ప్రోస్ట్ మాటలు మానేశాడు. 1989లో జపాన్‌లోని సుజుకాలో ఇద్దరి కార్లూ ఢీకొన్నాయి. ప్రోస్ట్ దిగి వెళ్లిపోయాడు, సెన్నా కారు తోయించుకుని మళ్లీ వెళ్లి గెలిచాడు, తరువాత అనర్హుడన్నారు. టైటిల్ ప్రోస్ట్‌కు వెళ్లింది. 1990లో అదే సుజుకాలో సెన్నా పోల్ పొజిషన్, అంటే అందరికన్నా ముందు నిలబడే చోటు, సాధించాడు, కానీ ఆ చోటు దుమ్ము ఉన్న వైపు. మార్చమంటే అధికారులు మార్చలేదు. పందెం మొదలైన కొద్ది క్షణాలకే, మొదటి మలుపులో, సెన్నా నేరుగా ప్రోస్ట్ కారులోకి వెళ్లిపోయాడు. ఇద్దరూ కంకరలో. టైటిల్ సెన్నాది. కావాలనే చేశానని మరుసటి ఏడాది తానే ఒప్పుకున్నాడు.

అది ఘనకార్యమని మీలో ఇద్దరు నా షెడ్డులోనే వాదించారు. మిగతా కథ చూడలేదన్నమాట. 1993 చివర ప్రోస్ట్ పందేలు మానేశాడు. అడిలైడ్‌లో ఆఖరి పోడియం మీద సెన్నా అతన్ని పై మెట్టు మీదికి లాగి భుజం మీద చేయి వేశాడు. మరుసటి ఏడాది ఇమోలాలో, టీవీ కోసం కారులోంచి మాట్లాడుతూ, 'నా మిత్రుడు అలెన్‌కు నమస్కారం, నువ్వు లేని లోటు తెలుస్తోంది' అన్న అర్థంలో పలకరించాడు. ఆ వారాంతంలోనే, 1994 మే 1న, సెన్నా చనిపోయాడు. సావోపౌలోలో శవపేటిక మోసినవాళ్లలో ప్రోస్ట్ ఉన్నాడు. అన్నేళ్లు ప్రోస్ట్‌ను తిట్టిన సెన్నా అభిమానులు ఆ రోజు ఆ తిట్లన్నీ ఏ జేబులో పెట్టుకున్నారోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మీరు అస్సలు తలచుకోని పేరు ఒకటి ఉంది. ఇటలీ రైడర్ మార్కో సిమోన్‌చెల్లి. 58వ నంబరు. హెల్మెట్ తీస్తే గుబురు పొదలాంటి జుట్టు. దూకుడు ఎక్కువ, ఒప్పుకుంటాను. 2011 మే నెలలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో అతనితో తగిలి డాని పెద్రోసా పడ్డాడు, భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగింది. పెద్రోసా స్పెయిన్‌వాడు. మూడు వారాల తరువాత పందెం బార్సిలోనా దగ్గర. చంపుతామని సిమోన్‌చెల్లికి బెదిరింపులు వచ్చాయి. ట్రాక్ మీదికి వచ్చే మనిషికి కాపలాదారులను పెట్టాల్సి వచ్చింది. అంత ఒత్తిడిలో అతను అక్కడ పోల్ పొజిషన్ కొట్టాడు, మోటోజీపీలో అతనికి అదే మొదటిది.

అదే ఏడాది అక్టోబరు 23. మలేసియాలో సెపాంగ్. రెండో ల్యాపు. సిమోన్‌చెల్లి బండి జారింది, కానీ బయటికి పోకుండా ట్రాక్‌కు అడ్డంగా వచ్చింది. వెనక వస్తున్న ఇద్దరికి తప్పించుకునే వ్యవధి లేదు. ఆ ఇద్దరిలో ఒకరు రోసీ, అతని ఆప్తమిత్రుడు. హెల్మెట్ ఊడిపోయింది. 24 ఏళ్లు.

బార్సిలోనాలో బెదిరించినవాళ్లకూ సెపాంగ్‌లో జరిగినదానికీ సంబంధం లేదు, ముడిపెట్టడం అన్యాయం. నేను ముడిపెట్టడం లేదు. ఆ సాయంత్రం ఆ బెదిరింపులు పంపినవాళ్లు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ ఉంటారు కదా, వాళ్ల ముఖాలు ఊహించుకుంటున్నానంతే. రెండు వారాలకు స్పెయిన్‌లోనే, వాలెన్సియాలో, సీజన్ చివరి పందెం. రైడర్లందరూ కలిసి అతని కోసం ఒక చుట్టు తిరిగారు, ముందు అతని బండి మీద పాత చాంపియన్ కెవిన్ ష్వాంట్జ్. మౌనం పాటించడం అలవాటు. కానీ సిమోన్‌చెల్లి తండ్రి మౌనం వద్దన్నాడు, తన కొడుక్కి గోల ఇష్టమన్నాడు. ఒక నిమిషం పాటు బాణసంచా, ఇంజిన్లు, జనం కేకలు. స్పెయిన్ గడ్డ మీద, ఒక ఇటలీవాడి కోసం. ష్వాంట్జ్‌కు ఆ బండి ఎక్కడం ఎలా ఉండి ఉంటుందో. అతని కాలంలో అతనికి బద్ధ ప్రత్యర్థి వేన్ రైనీ. 1993లో ఇటలీలోని మిసానోలో రైనీ పడి, ఛాతీ కింది భాగం చచ్చుబడిపోయింది. ఆ ఏడు టైటిల్ ష్వాంట్జ్‌కు వచ్చింది. రైనీ మళ్లీ నడవగలిగితే ఆ టైటిల్ తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఆ మిసానో ట్రాక్‌కు ఇప్పుడు సిమోన్‌చెల్లి పేరే పెట్టారు.

ఇక నా తప్పు. ఇది రాయకుండా మిమ్మల్ని అనడం నాకు న్యాయం అనిపించలేదు.

2015 అక్టోబరు 25. అదే సెపాంగ్. సిమోన్‌చెల్లి పోయి నాలుగేళ్ల రెండు రోజులు. పదో టైటిల్‌కు రోసీ అందేంత దూరంలో ఉన్నాడు. పందానికి ముందు గురువారం విలేకరుల ఎదుట, ఆస్ట్రేలియాలో స్పెయిన్ రైడర్ మార్కెజ్ కావాలనే తనను అడ్డుకుని, టైటిల్ పోటీలో ఉన్న మరో స్పెయిన్ రైడర్ లొరెంజోకు సాయం చేశాడని ల్యాప్ సమయాల కాగితంతో సహా ఆరోపించాడు. నాకు రోసీ మాట వేదవాక్కు. ఆదివారం మధ్యాహ్నం షెడ్డు తలుపు సగం దించి, వెనక గదిలో చిన్న టీవీ ముందు కూర్చున్నాను. ఇద్దరూ ల్యాపు ల్యాపుకూ ఒకరినొకరు దాటుకుంటున్నారు. పద్నాలుగో మలుపులో రోసీ మెల్లగా బయటికి జరిపాడు, మార్కెజ్ ఆనుకున్నాడు, పడిపోయాడు.

నేను లేచి చప్పట్లు కొట్టాను. గట్టిగా. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు, పదిహేడేళ్లుంటాయి అప్పటికి, చైను స్ప్రాకెట్ కడుగుతూ తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. 'గురువుగారూ, ఆయనకు దెబ్బ తగిలిందేమో' అన్నాడు. వాడికి రోసీ తెలియదు, మార్కెజ్ తెలియదు. వాడికి తెలిసిందల్లా బండి మీద నుంచి ఒక మనిషి పడ్డాడని. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మిగతా పందెం ఎలా అయిందో నాకు సరిగా గుర్తులేదు, కడిగిన స్ప్రాకెట్ మాత్రం గుర్తుంది.

రోసీకి ఏం దక్కింది? మూడు పెనాల్టీ పాయింట్లు. అంతకు ముందున్న ఒకటితో కలిపి నాలుగు, వాలెన్సియాలో చివరి వరుస. వెనకనుంచి నాలుగో స్థానానికి వచ్చాడు, కానీ లొరెంజో గెలిచాడు. 330కి 325. ఐదు పాయింట్ల తేడాలో టైటిల్ పోయింది. మాటలతో ఎదుటివాళ్లను ఇరవై ఏళ్లు ఆడించిన మనిషి ఆ గురువారం మాటతో తానే చిక్కుకున్నాడని నా అభిప్రాయం. ఆ కాగితం చూపించకపోతే ఆదివారం అంత కసిగా నడిచేది కాదేమో. దీని మీద మీరు నాతో పోట్లాడవచ్చు, సిద్ధంగా ఉన్నాను.

ఆ ఇద్దరి గొడవ మరుసటి ఏడాదికి అభిమానుల చేతికి వచ్చింది. 2016లో ముజెల్లోలో లొరెంజో గెలిచి, మార్కెజ్ రెండో స్థానంలో వచ్చి పోడియం ఎక్కితే ఇటలీ జనం ఈలలతో ముంచెత్తారు. ఆ వారాంతం వాళ్లిద్దరి చుట్టూ అంగరక్షకులు. ట్రాక్ మీద మొదలైన రోషం కొండవాలు మీద రోసీ అభిమానుల పసుపు చొక్కాల్లోకి పాకింది. ఆ పసుపు చొక్కా నా దగ్గరా ఉంది.

కార్ల వాళ్లు నవ్వుకోకండి, మీదీ తక్కువ కాదు. 2022 జూలై మొదటి వారాంతం ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో, హామిల్టన్‌కు ప్రత్యర్థి అయిన డచ్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ మైకు ముందుకు రాగానే బ్రిటన్ జనం గోల చేశారు. మరునాడే, అదే ట్రాక్ మీద, చైనా డ్రైవర్ జో గ్వాన్‌యు కారు తలకిందులై కంకర మీదుగా జారి, టైర్ల గోడ దాటి కంచెకు తగిలింది. తలను కాపాడే హేలో అనే చట్రం లేకపోతే ఏమయ్యేదో లోకమంతా చూసింది. సరిగ్గా ఐదు రోజులకు ఆస్ట్రియాలో బ్రిటన్ డ్రైవర్ హామిల్టన్ కారు గోడకు కొట్టుకుంటే స్టాండుల్లో కేరింతలు! డ్రైవర్ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చి ఉండవచ్చు, దానికా కేరింతలు అని హామిల్టన్ అడిగాడు. తన సొంత అభిమానులు వెర్‌స్టాపెన్‌ను ఎగతాళి చేసినప్పుడు కూడా అది తప్పన్నవాడు కాబట్టి అడిగే హక్కు అతనికి ఉంది. అంతకు ముందు ఏడాది సిల్వర్‌స్టోన్‌లో ఇద్దరూ తగిలి వెర్‌స్టాపెన్ 51 జీల, అంటే భూమి ఆకర్షణకు 51 రెట్ల, దెబ్బతో ఆసుపత్రికి వెళ్లాడు. ఆ సాయంత్రం హామిల్టన్ మీద ఒంటి రంగును తిడుతూ వచ్చిన రాతలను ఫార్ములా వన్, పందేల పాలక సంస్థ ఎఫ్ఐఏ, అతని జట్టు మెర్సిడెస్ కలిసి ఖండించాల్సి వచ్చింది.

మనవాళ్లు ఇలా ఉండేవాళ్లు కాదని చెప్పడానికి రెండు ముచ్చట్లు. 2013లో జర్మనీ డ్రైవర్ వెటెల్‌ను ఇటలీలోని మోంజాలో, సింగపూర్‌లో గెలిచిన పోడియం మీదే ఎగతాళి చేశారు, మలేసియాలో జట్టు మాట వినకుండా సొంత జట్టులోని వెబర్‌ను దాటాడని. అక్టోబరులో ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడా వచ్చి గెలిచి, నాలుగో టైటిల్ ఖాయం చేసుకుని, స్టాండుల ముందు కారును గిరగిర తిప్పి, దిగి, కారుకు మొక్కి, చేతి తొడుగులు జనంలోకి విసిరాడు. మనవాళ్లు హోరెత్తించారు. జట్టుకు ఇరవై ఐదు వేల యూరోల జరిమానా పడింది, అది వేరే సంగతి. రెండోది, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, కరెంటు కార్ల పందెం. ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లి చూశాను. వెర్న్ గెలిచాడు. జనం అందరికీ చప్పట్లు కొట్టారు. మంచితనమో, ఎవరినీ ద్వేషించేంత తెలియకపోవడమో చెప్పలేను. తెలియడం పెరిగినకొద్దీ మర్యాద తగ్గాలా అని ఇప్పుడు మిమ్మల్ని చూస్తే అనిపిస్తోంది.

మీ జవాబు నాకు తెలుసు. వాళ్లకు కోట్లు వస్తాయి, మన ఈల వాళ్లకు వినిపిస్తుందా, శ్రీకాకుళంలో మేడమీద గదిలో అరిస్తే స్పెయిన్‌లో ఎవడు బాధపడతాడు అంటారు. నిజమే. పడినవాడికి వినిపించదు. మరి ఎవరికి వినిపించాలని వేస్తున్నారు? ముందు వరుసలో కూర్చున్న ఎదుటి జట్టు కుర్రాడికి. అతను మీ వీధివాడే, మీ కాలేజీవాడే. అందువల్లే ఆ రాత్రి మెట్లు దిగాక కథ ముగియలేదు. రెండు జట్లూ సింహద్వారం కూడలి దాకా బండ్ల మీద పందెం వేసుకున్నాయి. మరునాడు పొద్దున్నే ఒక బండి నా షెడ్డుకు వచ్చింది. ఎవరిదో రాయను. అబ్బాయి నాన్నకు నేను చెప్పలేదు, ఇకపై చెబుతాను.

పడిన బండి మెకానిక్‌తో మాట్లాడుతుంది. హ్యాండిల్ ఎటు వంగిందో, ఫుట్‌రెస్టు చివర ఎంత అరిగిందో, సైలెన్సర్ మీద గీత ఎంత పొడవుందో చూస్తే మనిషి ఏ మోకాలి మీద పడ్డాడో, ఎంత దూరం ఈడ్చుకుపోయాడో తెలుస్తుంది. ట్యాంకు మీద చొట్ట ఉంటే అది మోకాలు. బ్రేక్ లివర్ విరిగి ఉంటే వేళ్లు. ఆ బండి ట్యాంకు మీద చొట్టతో పాటు చిన్న గుడ్డ పోగు ఇరుక్కుని ఉంది, జీన్సు ప్యాంటుది. పందెపు రైడర్లకు గాలితో ఉబ్బే సంచి ఉన్న సూటు 2018 నుంచి తప్పనిసరి. పడితే జారడానికి కంకర, ఆపడానికి గోడ, పది అడుగుల్లో డాక్టరు. మీకు ఉన్నది డివైడరు, ఎదురుగా వచ్చే లారీ.

మన జిల్లా మొరటుదేమీ కాదు. మోటారుతో మనిషి పోటీ పడటం లోకానికి చూపించినవాడే మనవాడు. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు రెండు చేతులకూ గొలుసులు కట్టించుకుని రెండు కార్లను కదలకుండా ఆపేవాడని మా తాత చెప్పేవాడు. ఆ ప్రదర్శనల్లో కార్లు గుంజుతున్న ఆ కాసేపూ జనం ఊపిరి బిగపట్టేవారట, విజిల్స్ అన్నీ తరువాతే. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆమదాలవలస వైపు ఏ బరువులెత్తే వ్యాయామశాలకైనా వెళ్లి చూడండి. కరణం మల్లీశ్వరి సాధన చేసిన ప్రాంతం. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బరువు కోసం వేసే ఎత్తుగడల్లో మైండ్ గేమ్ తక్కువేమీ కాదు, ఎవరు ఎంత అడుగుతారో చివరి క్షణం దాకా మారుతూనే ఉంటుంది. ఆమె బంగారం కోసం ఆఖరిసారి 137.5 కిలోలకు వెళ్లి ఎత్తలేకపోయింది. అక్కడి వ్యాయామశాలల్లో నేను చూసిన పద్ధతి ఇది: చేతులకు సుద్ద రాసుకునేదాకా ఎంత ఎగతాళైనా చేస్తారు. కడ్డీ మీద చేయి పడగానే అందరూ మౌనం. ప్రత్యర్థి ఎత్తుతున్నా సరే. కడ్డీ జారితే ముందు పరుగెత్తేది ఆ ప్రత్యర్థే.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఎగతాళి మానమనను. ముందు వరుసలో వాడిని ఏడిపించండి, మార్కెజ్‌ను తిట్టండి, రోసీని ముసలివాడనండి, పందానికి ముందు వాళ్లేమన్నారో వెతికి పట్టుకుని వాదించుకోండి, అందులో సరదా ఉంది. ట్రాక్ మీద ఎవరైనా పడినప్పుడు పసుపు జెండా ఊపుతారు. ఆ జెండా ఊపుతున్నంత సేపూ అక్కడ ఒకరినొకరు దాటకూడదు. టైటిల్ కోసం కొట్టుకుంటున్న ఇద్దరైనా సరే, ఎంత పగ ఉన్నా సరే, దాటితే శిక్ష. పందెమే అక్కడ పోటీని కాసేపు ఆపేస్తోంది. పందెం ఆగినచోట మన నోరు ఎందుకు ఆగదు? తెర మీద పసుపు జెండా కనిపిస్తే, పడినవాడు లేచి నిలబడేదాకా గదిలో ఈల వద్దు, చప్పట్లు వద్దు. లేచాక కావాలంటే 'మీవాడికి బ్రేకులు నేర్పించండి' అనుకోండి. ఫోనులో కూడా అంతే. మనిషి స్ట్రెచర్ మీద ఉండగా నవ్వే బొమ్మలు పంపకండి.

రెండో మాట. గదికి వచ్చేటప్పుడు బండ్లు కింద నిలిపే చోట తాళాలన్నీ గది అద్దెకిచ్చిన ఆయన దగ్గర పెట్టండి. పందెం అయిపోయిన అరగంటకు తీసుకోండి. నేను ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఆ అరగంటకు టీలు నా లెక్క.

వచ్చే ఆదివారం నేను వస్తాను. వెనక వరుసలో ఫ్యాను కింద ఒక కుర్చీ ఉంచండి. రోసీ అంకె 46 ఉన్న నా పసుపు టోపీ పెట్టుకునే వస్తాను. 2021లోనే దిగిపోయిన మనిషి టోపీ ఇంకా ఎందుకని మార్కెజ్ 93 జట్టువాళ్లు ఎన్ని ఈలలైనా వేసుకోవచ్చు, వింటాను. ఆ మెట్ల మీద నేను జారిపడితే మాత్రం, లేచేదాకా ఆగండి.

ఇట్లు,
ఏడు రోడ్ల కూడలి అవతలి సందులోని
మీ బండ్ల మెకానిక్